పోస్టులో వచ్చిన పెరడు

పోస్టులో ఉత్తరాలు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. బ్యాంకు కాగితాలూ, బీమా నోటీసులూ తప్ప పోస్టుమ్యాన్ సంచిలో మనకంటూ ఏముంటుందిలే అనుకుంటాం. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొన్ని ఇళ్లవాళ్లు ఇప్పటికీ ఆ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు. వాళ్లకు వచ్చేవి దొండ కాడలు, చిక్కుడు గింజలు, బ్రహ్మకమలం ఆకులు... వాటితోపాటు చిన్న చిన్న కానుకలు. పంపేది ముఖమైనా చూడని స్నేహితులు!

మందస మండలంలో ఓ చిన్న ఊరు. సంక్రాంతి వెళ్లిన వారం. ఉదయం పదకొండు గంటలవేళ గేటు దగ్గర సైకిలు ఆగింది.

‘టీచరమ్మగారూ... మీకు మళ్లీ చెట్లొచ్చాయండీ!’

చేతిలో ఉన్నది చెప్పుల డబ్బా. నాలుగు పక్కలా పెన్సిలుతో పొడిచిన బొక్కలు. పైన ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు... ‘మొక్కలున్నాయి. ఎండలో పెట్టకండి.’ చిరునామా కింద 532తో మొదలయ్యే పిన్‌కోడు. పదవీ విరమణ చేసిన ఆ టీచరమ్మ అరుగు మీదే కూర్చుని కత్తెరతో తాడు కోశారు. లోపల తడిగుడ్డ చుట్టిన నాలుగు దొండ కాడలు. కాగితం పొట్లంలో పుంటికూర గింజలు. ఆ కింద స్టీలు డబ్బాలో సకినాలు. అవి సగానికి సగం విరిగాయి. కాడలు మాత్రం పచ్చగా, నిన్ననే కోసినట్టున్నాయి.

‘సకినాలు విరిగినా రుచి పోదు కదండీ. కాడ విరిగితే తీగ పోద్ది’ అని నవ్వారామె. ముందు కాడలను నీళ్ల చెంబులో పెట్టీసి, ఆ తర్వాతే సకినం నోట్లో వేసుకున్నారు.

ఆ పెట్టె వచ్చింది కరీంనగర్ నుంచి. పంపినామెను టీచరమ్మ ఒక్కసారీ నేరుగా చూడలేదు. మిద్దెతోటలూ పెరటితోటలూ పెంచేవాళ్ల వాట్సాప్ బృందంలో పరిచయం. ‘మా దొండ పూస్తోందిగానీ కాయడంలేదు’ అని టీచరమ్మ ఓసారి ఫొటో పెడితే, ‘అది మగతీగ అక్కా, మా దగ్గర కాసేది ఉంది, పంపుతా’ అని జవాబొచ్చింది. అలా మొదలైంది.

ఆమె అన్నది నిజమే. దొండలో ఆడతీగ, మగతీగ వేరువేరు. విత్తనం వేస్తే వచ్చేది ఏదో పూత వచ్చేదాకా తెలీదు. అందుకే కాస్తున్న తీగ నుంచి ముదురు కాడ కోసి నాటడమే పద్ధతి. అంటే ఎవరి ఇంట్లోనో కాస్తున్న తీగ మనకు తెలిసుండాలి. వాళ్లు మనకు ఇవ్వాలి. దొండకాయ కూర తినాలంటే ముందు ఒక స్నేహం ఉండాలన్నమాట!

గోడ మీది నుంచి...

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్తదేం కాదు. ఒకప్పుడు పెరట్లో మొక్కలన్నీ అలా చేరినవే. మల్లె అంటు పుట్టింటి నుంచి, తమలపాకు తీగ పిన్ని వాళ్ల నూతి గట్టు నుంచి, కంద పిలక పొరుగింటి నుంచి వచ్చేవి. పురిటికని వెళ్లిన కూతురు తిరిగొచ్చేటప్పుడు సారెతోపాటు గోంగూర విత్తనాలు కొంగున కట్టుకొచ్చేది. ‘మనీప్లాంటు అడిగి తెచ్చుకుంటే రాదు, దొంగిలించాలి’ అని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నమ్మకం సంగతెలా ఉన్నా, అడగడానికి మొహమాటపడేవాళ్లకు అదో వెసులుబాటు!

మరిప్పుడు ఆ గోడలేవీ? ఉన్నవి ఎత్తు పెరిగాయి. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో అపార్టుమెంట్లలో ఉంటున్నారు. పక్క ఫ్లాటువాళ్ల పేరు తెలీదు. తెలిసినా వాళ్ల బాల్కనీలో ఉన్నది ఏసీ యంత్రమే. చిక్కుడు గింజ అడగాలంటే అది పెంచుతున్న మనిషి నాలుగొందల కిలోమీటర్ల అవతల ఉంటోంది. అందుకే గోడ మీద నుంచి చెయ్యి చాచే పని పోస్టాఫీసు చేస్తోంది. అది కుదరనిచోట ఆర్టీసీ కార్గో, కొరియరు.

కొనుక్కుంటే దొరకవా అంటే దొరుకుతాయి. తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి ఏ మొక్క కావాలన్నా తెప్పించుకోవచ్చు. ‘కొన్నమొక్క చచ్చిపోతే డబ్బు పోయిందనుకుంటామండి. ఇచ్చిన మొక్క చచ్చిపోతే ఆ మనిషికి మొహం ఎలా చూపించాలా అనుకుంటాం. దాంతో ఇంకో చెంబుడు నీళ్లు ఎక్కువ పోస్తాం’ అంటారు టీచరమ్మ. ఆమె పెరట్లో మొక్కలకు పేర్లు కూడా అలాగే ఉన్నాయి. కర్నూలు గులాబీ, రాజమండ్రి వామాకు, కరీంనగర్ దొండ... ఏ ఊళ్లో వానపడిందని టీవీలో చెప్పినా, ఆ ఊరి మొక్క వైపు ఓసారి చూస్తారట.

కానుకల సంగతి సరేసరి. పెట్టెలో కాస్త ఖాళీ ఉంటే ఊరి రుచి ఏదో ఒకటి పెట్టకుండా పంపరు. ఇటు నుంచి పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర, ఓసారి పొందూరు ఖద్దరు చేతిరుమాళ్లు వెళ్లాయి. ఆ రుమాళ్లు అందుకున్న కర్నూలు స్నేహితురాలు వాటిని వాడకుండా దాచుకుందని టీచరమ్మకు చిన్న అలక!

పుంటికూర గింజల గురించి ఓ మాట చెప్పుకోవాలి. తెలంగాణలో పుంటికూర అన్నా, ఇక్కడ గోంగూర అన్నా ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రైతులు తరతరాలుగా దీన్ని ఆకుకే కాదు, నారకూ పండించారు. ఇక్కడివాళ్లు గోగు అనేది అదే. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు వంగడాల మీద పనిచేసింది. నెల్లిమర్ల, బొబ్బిలి లాంటిచోట్ల జూట్ మిల్లులకు ఆ నార వెళ్లేది. అలాంటి గోగునేలకు కరీంనగర్ నుంచి గోంగూర విత్తనాలు రావడమంటే... కొబ్బరితోటకు కొబ్బరికాయ పంపినట్టే. ‘అయినా సరే, వాళ్ల పులుపు వేరు’ అంటారామె.

ఆకు పంపినా చాలు

ఏ మొక్కయినా పోస్టులో బతుకుతుందా? బతకదు. అందుకే ఈ స్నేహితులు ముందుగా నేర్చుకునేది, ప్రయాణం తట్టుకునేవి ఏవో తెలుసుకోవడం.

అన్నిటికన్నా గట్టిది రణపాల. దాని ఆకు అంచున ఉండే గాట్లలోంచే పిల్లమొక్కలు పుడతాయి. మట్టీ అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. కవరులో పెట్టి పంపిన ఆకు చేరేసరికి చిన్న వేళ్లు వేసి కనిపించడం కద్దు. నల్లేరు, కలబంద పిలకలు కూడా వారం రోజులు నీళ్లు లేకుండా ఉండగలవు. పసుపు, కంద, చామ దుంపలకైతే గోనెగుడ్డ చాలు. తమలపాకు, చిలగడదుంప, బచ్చలి తీగలకు తడి కావాలి. గులాబీ, మందార కొమ్మలు చలికాలంలో అయితేనే క్షేమం. మునగ కొమ్మ చేతిమందంలో ఉంటే పదిరోజులైనా ఏమీ కాదుగానీ, తూకం చూస్తే పోస్టు ఖర్చే ఎక్కువ.

విజయనగరం గంటస్తంభం దగ్గర్లో ఉండే ఓ బ్యాంకు ఉద్యోగి మేడ మీద బ్రహ్మకమలం పెంచుతున్నారు. రాత్రిపూట పూసి తెల్లారేసరికి వాడిపోయే ఆ పువ్వును చూడటానికి వీధివాళ్లంతా వచ్చేవారట. చూసిన ప్రతివాళ్లూ ఓ ఆకు అడిగేవారు. ఆయన ఇప్పుడు ఆకులను పాత దినపత్రికలో చుట్టి పంపుతున్నారు. ‘ఇది కాక్టస్ జాతి కదండీ, ఆకులా కనిపించేది నిజానికి కాండం. పదిరోజులు దార్లో ఉన్నా వాడిపోదు. నాటితే మొలుస్తుంది. పువ్వు కోసం మాత్రం రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి’ అని వివరించారు. ఇంకో విశేషం... మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలుచుకునేది మధ్య అమెరికా ప్రాంతపు మొక్క. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు. అంటే మన మేడల మీదున్నది కూడా ఏనాడో ఎవరో ఎక్కడి నుంచో చేతులు మార్చి తెచ్చిన కానుకే.

ప్రయాణం అసలు పడనివీ ఉన్నాయి. పనస, మామిడి, కరివేపాకు గింజలు ఆరితే మొలకెత్తవు. చిక్కుడు, బెండ గింజల్లా ఏడాదిపాటు డబ్బాలో దాచుకునే వీల్లేదు. పండు తిన్న కొద్దిరోజుల్లోనే మట్టిలో పడాలి. ‘ఉద్దానం పనస తొనలు తిన్నవాళ్లందరూ గింజలడుగుతారండి. వెంటనే నాటండమ్మా అని రాసి మరీ పంపుతాను. వాళ్లేమో మంచి ముహూర్తం చూసుకుంటారు’ అని నిట్టూరుస్తారు టీచరమ్మ.

ఆమెకూ తప్పులు జరిగాయి. మొదటిసారి పంపిన తమలపాకు తీగకు తడిగుడ్డ చుట్టి, గాలి చొరబడకుండా పాలిథిన్ సంచిలో మూటగట్టారు. మధ్యలో పండగ సెలవులొచ్చాయి. తొమ్మిదో రోజున పెట్టె విప్పిన స్నేహితురాలికి నల్లగా కుళ్లిన ముద్ద కనిపించింది. ‘తప్పు నాదేగానీ, తీగకు నోరు కట్టీసి పంపినట్టయింది’ అని ఇప్పటికీ బాధపడతారు.

తిత్లీ తీసుకెళ్లింది... పోస్టు తిరిగిచ్చింది

ఇదంతా వినడానికి సరదా వ్యాపకంలా ఉంటుంది. కానీ ఆ పెరట్లో ఓ మూల పందిరి మీదికి పాకిన చిక్కుడుతీగ కథ వింటే అలా అనిపించదు.

ఆ తీగను ఇంట్లో ‘అత్తమ్మ చిక్కుడు’ అంటారు. టీచరమ్మ అత్తగారు కంచిలి వైపు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. వెడల్పాటి కాయ, అంచున వంగపండు రంగు గీత. సంక్రాంతి నాటికి గుత్తులుగా కాస్తుంది. బజార్లో ఎక్కడా ఆ రకం దొరకదు. అత్తగారు పోయాక ఆమె గుర్తుగా ఏటా ఆషాఢంలో నాలుగు గింజలు పెట్టి, మాఘంలో ఎండుకాయలు కోసి బూడిద కలిపి దాచడం టీచరమ్మకు అలవాటైంది. 2016లో ముగ్గురు స్నేహితులకు పది పది గింజలు పోస్టులో పంపారు.

ఉత్తరాంధ్రలో అక్టోబరు అంటే దసరాతోపాటు తుపాను భయమూ వస్తుంది. 2013 అక్టోబరు 12న పైలిన్, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2018లో తిత్లీ వంతు. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాసకు సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి, ఒక్కోసారి 165 కూడా తాకింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే అప్పుడు పోయిన చెట్టు స్థానంలో మరుసటేడు నాటినా, కాయ చూడటానికి 2025 రావాలి. ఇంటికి పెద్దకొడుకులాంటి చెట్టు అలా కూలిపోతే ఆ కుటుంబానికి మిగిలేది ఎదురుచూపే.

టీచరమ్మ పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లు, ఓ పనస పడిపోయాయి. ప్రహరీ కూలింది. చిక్కుడు పందిరి ఎటు ఎగిరిపోయిందో తెలీదు. తీగ అప్పుడే పూతకొస్తోంది, కాయే పట్టలేదు. దాచిన విత్తనమైనా ఉందనుకుంటే... వంటపాక పైకప్పు లేచిపోయి, అటక మీది కుండ నీళ్లతో నిండింది. గింజలన్నీ ఉబ్బి, బూజు పట్టాయి.

‘కొబ్బరిచెట్లు పోయినందుకు అందరితోపాటు ఏడ్చాను. ఆ కుండ చూసి మాత్రం ఒక్కదాన్నే ఏడ్చాను. చిక్కుడు గింజల కోసం ఏడుస్తున్నానంటే నలుగురూ ఏటనుకుంటారు?’

2019 మార్చిలో పోస్టులో ఓ కవరు వచ్చింది. కరీంనగర్ నుంచే. లోపల ఇరవైరెండు గింజలు, చీటీ. ‘అక్కా, మీ చిక్కుడు మంచిగ కాసింది. ఇక్కడందరు శ్రీకాకుళం చిక్కుడంటున్నరు. మీ ఇత్తులు మీకే పంపుతున్న.’

ఆ ఏడు ఆషాఢంలో అవే గింజలు పెట్టారు. అదే వెడల్పు, అదే వంగపండు గీత. చిక్కుడు పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది. అందుకే వేరే ఊళ్లో వేరే తీగల మధ్య పెరిగినా రకం పెద్దగా మారదు. సొర, బీర, గుమ్మడి అలా కాదు. తేనెటీగలు ఒకదాని పుప్పొడి మరొకదానికి అంటిస్తాయి కాబట్టి, పక్కపక్కన రెండు రకాలుంటే విత్తనం కలిసిపోతుంది.

‘మొత్తం నా దగ్గరే దాచుకునుంటే అత్తమ్మ చిక్కుడు అక్కడితో ఆఖరు. ఇచ్చాను కాబట్టి మిగిలింది’ అంటారు టీచరమ్మ. ఆ ఒక్కమాటే ఈ పెట్టెలూ కవర్ల సారమంతా.

పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు చేసేదీ అదే. సిరియాలోని అలెప్పో దగ్గర ఇకార్డా అనే అంతర్జాతీయ సంస్థ గోధుమ, బార్లీ, శనగ లాంటి పంటల విత్తనాలను భద్రపరిచేది. వాటికి నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచుకొండల్లో 2008లో తెరిచిన విత్తన భాండాగారానికి పంపి ఉంచింది. సిరియాలో యుద్ధం ముదిరి అలెప్పో కేంద్రం అందుబాటులో లేకుండా పోయాక, 2015లో ఆ నకళ్లనే వెనక్కి తెప్పించుకుని లెబనాన్, మొరాకోల్లో మళ్లీ పండించింది. 2017లో కొత్తగా పండిన విత్తనాన్ని తిరిగి స్వాల్‌బార్డ్‌లో జమచేసింది. అక్కడ మంచుకొండ చేసిన పని ఇక్కడ కరీంనగర్ పెరడు చేసింది.

మనదగ్గరా ఈ సూత్రం తెలిసినవాళ్లున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబళ్ల మీద చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర జరుపుతూ వచ్చారు. విత్తనాన్ని ఇంట్లో దాచి, ఇరుగుపొరుగుకు పంచి కాపాడిన ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. చట్టం కూడా రైతు పక్షానే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్పిడి చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. బ్రాండు పేరుతో అమ్మడానికి మాత్రం వీల్లేదు.

సముద్రం దాటితే...

పిల్లలు విదేశాల్లో ఉన్న అమ్మలకు ఇంకో కోరిక ఉంటుంది. ‘మా అమ్మాయికి అమెరికాలో కరివేపాకు దొరకడంలేదు, రెండు మొక్కలు పంపేద్దాం’ అని. ఆ పని చేయకూడదు.

కరివేపాకు మీద బతికే సిల్లిడ్ అనే చిన్న పురుగు, నిమ్మ, నారింజ జాతి చెట్లకు గ్రీనింగ్ అనే తెగులును మోసుకెళుతుంది. ఆ తెగులు సోకిన చెట్టుకు మందులేదు. అమెరికాలో 2005లో ఫ్లోరిడాలో అది బయటపడింది. 2003-04లో దాదాపు 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఆ రాష్ట్రంలో 2022-23 నాటికి దిగుబడి కోటీ 60 లక్షల పెట్టెలకు పడిపోయింది. తుపాన్లూ దెబ్బతీశాయిగానీ, ప్రధాన దోషి గ్రీనింగే. అందుకే మన దగ్గర్నుంచి పచ్చి కరివేపాకు తీసుకెళ్తే విమానాశ్రయంలో లాక్కుంటారు. అక్కడి తెలుగువాళ్లు తమలో తాము మొక్కలు పంచుకోవాలన్నా, తెగులున్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కను బయటికి పంపడంమీద ఆంక్షలున్నాయి. చలి రాష్ట్రాల్లో కరివేపాకు కుండీని శీతాకాలం వంటింటి కిటికీ దగ్గరికి తెచ్చుకుని, పసిపిల్లను చూసినట్టు చూసుకునే తెలుగిళ్లు ఎన్నో. నాలుగు రెమ్మల కోసం అంత పాట్లేమిటని మనకు అనిపిస్తుంది. పోపులో ఆ వాసన లేని ఇంట్లో ఉండి చూస్తేగానీ తెలీదు.

అటు నుంచి ఇటు పంపడమూ అంతే. విదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించుకోవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వుల ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. 2020లో అమెరికాలో వేలమందికి ఎవరు పంపారో తెలియని విత్తనాల పొట్లాలు పోస్టులో వచ్చి కలకలం రేగింది. మన కేంద్ర వ్యవసాయశాఖ కూడా ఆ ఆగస్టులో రాష్ట్రాలను అప్రమత్తం చేసింది. పంపినవాళ్లెవరో తెలియని గింజను నాటకూడదు.

ప్రేమతోపాటు పురుగు

దేశం దాటకపోయినా జాగ్రత్త తప్పదు. ఆ సంగతి ఉద్దానం కొబ్బరి రైతును అడిగితే చెబుతాడు. ఆకు అడుగున తెల్లగా సుడులు తిరిగినట్టు గుడ్లు పెట్టే రూగోస్ తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనిపించింది. కొద్దికాలంలోనే గోదావరి జిల్లాలకు, తర్వాత ఉద్దానానికీ చేరింది. దాని జిగురు మీద మసిలాంటి బూజు పట్టి మట్టలు నల్లబడతాయి. ఇలాంటి పురుగు తనంతట తాను ఎగిరేది కొంతదూరమే. మనం తీసుకెళ్లే మొక్కల మీద ఎక్కితే రాష్ట్రాలు దాటుతుంది. తిత్లీలో మిగిలిన చెట్లకు ఇదో దెబ్బ. మందార కొమ్మ మీద పిండినల్లి వచ్చినా, మట్టిలో నులిపురుగు వచ్చినా కథ అదే. ఇచ్చేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. పురుగుకు ఉద్దేశాలతో పనిలేదు.

టీచరమ్మ పెరట్లో నూతి అవతల ఓ పాత గోలెం ఉంది. పోస్టులో వచ్చిన ప్రతి మొక్కా ముందు అక్కడే ఉండాలి, రెండు వారాలు. ‘కొత్తకోడల్ని వెంటనే వంటింట్లోకి పంపుతామా ఏటి? నాలుగురోజులు చూస్తాం కదండీ’ అని నవ్వారు.

ఇలా పంపితే బతుకుతాయి

* కొమ్మ పెన్సిలు మందంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలుండాలి. మూడు నాలుగు కణుపులు తప్పనిసరి. ఆకులు తీసేయాలి. ఉంటే నీరంతా వాటిగుండానే పోతుంది.

* కింది కొసకు మాత్రమే తడిగుడ్డ లేదా పిండేసిన కొబ్బరిపొట్టు పెట్టి, దానిపై పలుచని పాలిథిన్ చుట్టండి. పైభాగానికి గాలి ఆడాలి.

* అట్టపెట్టెకు బొక్కలు పెట్టండి. కొమ్మలు కదలకుండా ఖాళీలో కాగితం ఉండలు కూరండి.

* మట్టి పంపొద్దు. బరువే కాదు, పురుగులూ తెగుళ్లూ దాంట్లోనే వెళ్తాయి.

* సోమవారం పంపితే ఆదివారం మధ్యలో పడదు. పండగ వారాలు, మే నెల ఎండలు వదిలేయండి.

* 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. మొక్కలకు ఆలస్యం పనికిరాదు కాబట్టి స్పీడ్ పోస్టే మేలు. ట్రాకింగ్ నంబరు అవతలివాళ్లకు చెప్పండి.

* విత్తనాలు బాగా ఎండాలి. కాగితం కవర్లోనే వేయండి. రకం పేరు, కోసిన నెల, నాటే కాలం రాయండి. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో కూడా రాస్తే ఆ గింజకు ఇంటిపేరు నిలుస్తుంది.

* వచ్చిన మొక్కను విడిగా రెండువారాలు ఉంచండి. ఆకుల అడుగున చూడండి. అనుమానమొస్తే మొహమాటపడకుండా తీసేసి కాల్చేయండి. పంపినవాళ్లకూ చెప్పండి.

* అరుదైన రకమైతే కనీసం ముగ్గురికి, మూడు వేర్వేరు ఊళ్లకు పంపండి. ఒకే తుపాను మూడు ఊళ్లనూ ముంచదు.

ఈ ఏడాది కరీంనగర్ దొండతీగ పందిరెక్కింది. అత్తమ్మ చిక్కుడు గింజలు ఎండి, కాగితం కవర్లలో చేరాయి. ఒకటి విజయనగరం బ్యాంకు ఉద్యోగికి, ఒకటి కర్నూలుకు, ఒకటి కరీంనగర్‌కు. ‘అదేటండీ, వాళ్ల దగ్గర ఉన్నదే కదా’ అంటే... ‘ఉన్నా సరే పంపాలి. వాళ్లకీ ఏ వానో, ఏ ఎండో ఉంటుంది కదా’ అన్నారామె.

మేం మాట్లాడుతుండగానే గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది. ఈసారి పోస్టుమ్యాన్ చేతిలో పెట్టె లేదు. కాసేపు అటూ ఇటూ చూసి, తల గోక్కుంటూ అడిగాడు.

‘టీచరమ్మగారూ... ఇన్నేళ్లుగా మీకు తెచ్చిస్తున్నాను. మా ఆవిడ అడగమందండి. ఆ దొండ కాడలు మాకూ ఓ రెండు ఇప్పిస్తారా?’

ఆమె అప్పటికే కత్తెర కోసం లోపలికి వెళుతున్నారు. ఈ ఒక్క కానుకకూ స్టాంపు అక్కర్లేదు!